సవరణ: కచ్చతీవు ఒప్పందం, చేపల వేట

పోయిన వారం పోస్టులో "1974 ఒప్పందంతో మన జాలర్ల వేట ఆగిపోయింది" అన్న వాక్యం తీసేసి, ఇది చేర్చాను. 1974లో తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధిలో సరిహద్దు గీసినప్పుడు 285 ఎకరాల కచ్చతీవు అనే చిన్న దీవి శ్రీలంక వైపు పడింది. అయినా మనవాళ్ళు వీసా లేకుండా అక్కడికి వెళ్ళొచ్చని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఒకరి జలాల్లో ఒకరు చేపలు పట్టకూడదన్న మాట 1976లో రెండు ప్రభుత్వాలు రాసుకున్న ఉత్తరాల్లో వచ్చింది. ఆ ఏడాదే కన్యాకుమారి దగ్గర చేపలు దండిగా దొరికే వాడ్జ్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతం మనకు దక్కింది. చెన్నైలో ఈ సంగతి ఎత్తితే చాలామంది దీవి దగ్గరే ఆగిపోతారు, వాడ్జ్ బ్యాంక్ సంగతి అడగరు.

"స్నేహంగా ఉండే దేశాలకి ఈ గొడవేంటన్నా?" అని అడిగిన కాశిమేడు (చెన్నైలో చేపల రేవు) తమ్ముడికి: ప్రభుత్వాలు ఎంత కలిసున్నా, రెండు ఒడ్లవాళ్ళకీ కావాల్సింది ఆ చేపలే కదా. మన ట్రాలర్ (వల ఈడ్చే పెద్ద మరపడవ) వల సముద్రం అడుగును గీకుతూ పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తుంది. శ్రీలంకలోని జాఫ్నా వైపు చిన్న పడవల వాళ్ళ వలలు దానికి తగులుకుని చిరిగిపోతాయి. వాళ్ళూ తమిళులే మరి. శ్రీలంక 2017లో అడుగును గీకే ఈ పద్ధతిని చట్టం చేసి నిషేధించింది. కచ్చతీవు రేపు మనకొచ్చినా ఈ తగాదా తీరదనే నా లెక్క.