నాటి ఒడంబడిక, నేటి ఎండు కాలువ

2023 నవంబర్ 30న తెలంగాణ అంతా ఓట్లు వేస్తుంటే, నాగార్జునసాగర్ ఆనకట్ట మీద 13వ గేటు దగ్గర ముళ్లకంచె వెలిసింది. కంచెకు అటు ఆంధ్రప్రదేశ్ పోలీసులు, ఇటు తెలంగాణ పోలీసులు. ఒకే భాష మాట్లాడే, ఒకే నదిని నమ్ముకున్న రెండు రాష్ట్రాలు 26 గేట్లను చెరిసగం చేసుకుని మోహరించడం చూసి నల్లగొండ జిల్లా నివ్వెరపోయింది. కేంద్ర బలగాలు వస్తేగాని ఉద్రిక్తత సడలలేదు. కారణం వెతికినవారు చాలామంది ఎన్నికల దగ్గరే ఆగిపోయారు. మా దృష్టిలో ఈ నీళ్ల తగవు మూలాలు ఇంకా లోతున, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దొరలు నిజాం దర్బారులో నడిపిన దౌత్యంలో ఉన్నాయి.

గుంటూరు సర్కారు 1788లో నిజాం అలీఖాన్ చేతుల్లోంచి ఈస్టిండియా కంపెనీకి పోయింది. కృష్ణకు అవతలి గట్టు పరాయిదైంది. 1798లో నిజాం, కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో నిలుపుకునే సైన్య సహకార పద్ధతికి తలొగ్గాడు. 1800 అక్టోబర్ 12న మరో ఒడంబడిక కుదిరింది. కంపెనీ సైన్యం ఖర్చుల కింద, మైసూరు యుద్ధాల్లో తనకు దక్కిన బళ్లారి, అనంతపురం, కడప సీమలను ఆయన కంపెనీకి ధారాదత్తం చేశాడు. సరిహద్దు సూటిగా ఉండాలన్న పేరుతో అందులోనే ఒక మార్పిడి కూడా జరిగింది. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ్, గజేంద్రగఢ్ నిజాంకు మిగిలాయి, దక్షిణాన ఉన్న ఆదోని కంపెనీకి వెళ్లింది. ఆ బేరంలో ఏ గట్టు రైతునూ ఎవరూ అడగలేదు. తుంగభద్ర ఉత్తరగట్టున ఉన్న అలంపురం పరిసర పల్లెలవారు ఇప్పటికీ ఆసుపత్రికీ అంగడికీ నది దాటి కర్నూలుకే వెళ్తారు. నీళ్ల లెక్క వచ్చేసరికి మాత్రం ఆ రెండు గట్లూ ప్రత్యర్థులు.

గీత పడ్డాక రెండు వైపులా బతుకులు వేరుగా నడిచాయి. కంపెనీ ఏలుబడిలో 1855 నాటికే విజయవాడ ఆనకట్ట పూర్తయింది, తర్వాతి దశాబ్దంలో కర్నూలు-కడప కాలువ పారింది. ఇవతలి మెట్ట చెరువుల మీదే ఆధారపడి, చెరువు ఎండితే వలస పోయింది. గోదావరి వైపు నిజాంసాగర్ కట్టించిన హైదరాబాద్ పాలకులు కృష్ణ వైపు అంతటి ప్రాజెక్టు ఒక్కటీ పూర్తిచేయలేదు. ఆ నిర్లక్ష్యాన్ని మేము కప్పిపుచ్చం. కానీ 1973లో కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1960 సెప్టెంబర్‌కు ముందున్న వాడకాలన్నిటికీ రక్షణ కల్పించడంతో వలస పాలన నాటి అంతరం చట్టబద్ధమైన హక్కుగా మారింది. కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు ఖాయమయ్యాయి. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుంటే మహబూబ్‌నగర్‌కు సాగునీటి అవకాశాలు మెరుగ్గా ఉండేవని అదే ట్రిబ్యునల్ గుర్తించి, అక్కడి జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. డెల్టా రైతు నోటి కూడు లాగాలని మేము అనడం లేదు. ముందు తవ్వినవాడికే ముందు హక్కు అన్న సూత్రం, తవ్వే అవకాశమే దక్కనివాడికి న్యాయం ఎలా అవుతుందని అడుగుతున్నాం.

తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట దగ్గర ఈ అన్యాయం కళ్లకు కడుతుంది. 1944లో మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాలు తుంగభద్ర జలాలపై ఒప్పందానికి వచ్చాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒకే తుంగభద్ర డ్యాంకు ఎడమగట్టున నిజాం కొడుకు బేరార్ యువరాజు, కుడిగట్టున మద్రాసు గవర్నర్ వేర్వేరుగా శంకుస్థాపన చేశారు. ఆ నది మీదే దిగువన హైదరాబాద్ ప్రభుత్వం 1946లో రాజోలిబండ పనులు మొదలుపెట్టింది. 1956లో రాష్ట్రాలు మారాయి. ఆనకట్ట కర్ణాటకలో ఉండిపోయింది, ఆయకట్టు మహబూబ్‌నగర్‌కు వచ్చింది, ఎదురుగట్టు కర్నూలుది. 87,500 ఎకరాల కోసం 15.9 టీఎంసీలు కాగితం మీద ఉన్నాయి. మానోపాడు, అలంపురం మండలాల చివరి పొలాల రైతు కాలువలోకి దిగి చూస్తే కనబడేవి పూడిక, ముళ్లకంప. చివరికి తుమ్మిళ్ల దగ్గర అదే నదిలోంచి మోటార్లతో నీళ్లు ఎత్తిపోసుకోవలసి వచ్చింది.

ఇలాంటి గీతలు మన జిల్లాల దగ్గరే ఆగలేదు. లడఖ్ సరిహద్దుకు 1865లో జాన్సన్ ఒక గీత గీశాడు. 1899లో బీజింగ్‌లోని బ్రిటిష్ రాయబారి మెక్‌డొనాల్డ్ మరో గీత ప్రతిపాదిస్తే చైనా నుంచి జవాబే రాలేదు. అక్కడ తేలకుండా మిగిలిన సరిహద్దులో, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు నేలకొరిగారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. దొరలు సగంలో వదిలేసిన పనికి ఉమ్మడి నల్లగొండ చెల్లించిన మూల్యం అది.

లడఖ్ విషయం ఢిల్లీ, బీజింగ్ తేల్చాలి. కృష్ణ, తుంగభద్రల విషయం తేల్చుకోవడం మన చేతుల్లోనే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల వాటాలు తేల్చే బాధ్యతను 2023 అక్టోబర్‌లో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. పాత వాడకాల జాబితాను మళ్లీ ముందుపెట్టి ఈ పని ముగించరాదు. పరీవాహక ప్రాంతమెంత, కరువెంత, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పల్లెలెన్ని అన్నవి కూడా తూకంలోకి రావాలి. ఈలోగా ట్రిబ్యునల్ తీర్పుతో పనిలేని అడుగు ఒకటుంది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీర్లు వానాకాలం పంటకు ముందే కలిసి రాజోలిబండ కాలువను ఆనకట్ట నుంచి చివరి తూము దాకా నడిచి చూడాలి. పూడికతీతకు ఏ రాష్ట్రం ఎంత ఖర్చు భరిస్తుందో అక్కడికక్కడే రాసుకోవాలి. కాలువ తెలంగాణలోకి అడుగుపెట్టే చోట రోజువారీ ప్రవాహపు లెక్కను అలంపురం రైతులకు అందుబాటులో ఉంచాలి.