వాస్కో ఆకాశంలో కూలిన విమానాలు, విశాఖకు తెలియాల్సిన కారణాలు

అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం నుంచో విజయవాడ నుంచో గోవా వెళ్లిన తెలుగువారికి వాస్కోడిగామా ఆఖరి స్టేషన్‌గా పరిచయం. మార్ముగోవా రేవును ఆనుకుని పెరిగిన ఆ పట్టణానికి పక్కనే, ఎర్రరాతి మెట్ట మీద డాబోలిమ్ విమానాశ్రయం ఉంది. పోర్చుగీసు పాలకులు కట్టిన ఆ రన్‌వే మీద 1961 డిసెంబరు 18న భారత వైమానిక దళం బాంబులు వేసింది. పడిన గోతులను హడావుడిగా పూడ్చుకుని, ఆ రాత్రే రెండు పోర్చుగీసు ప్రయాణికుల విమానాలు చీకట్లో తప్పించుకుపోయాయి. మరుసటి ఏడాది ఆ స్థలం మన నౌకాదళం చేతికి వచ్చింది. ఐఎన్‌ఎస్ హంస పేరుతో అది నేటికీ నౌకాదళ స్థావరమే. పర్యాటకుల విమానాలు దిగేది, యుద్ధ విమానాలు ఎగిరేది ఒకే రన్‌వే మీద.

సరిగ్గా ఇలాంటి ఏర్పాటే విశాఖలోనూ ఉంది. మనం విశాఖ విమానాశ్రయం అని పిలుచుకునేది నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగ. రేవు, దాని పక్కన నౌకాదళం, నౌకాదళం రన్‌వే మీద పౌర విమానాలు, చుట్టూ ఇళ్లు: ఈ రెండు పట్టణాల అమరిక ఒకటే కాబట్టి, వాస్కో చుట్టూ రెండు దశాబ్దాలకు పైగా జరిగిన ప్రమాదాలను విశాఖవాసులు వేరే రాష్ట్రం వార్తలుగా చదివి వదిలేయడానికి వీల్లేదు.

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది 2002 అక్టోబరు 1 నాటి ప్రమాదం. జలాంతర్గాములను వేటాడే ఐఎల్-38 విమానాలను నడిపే 315వ స్క్వాడ్రన్‌కు ఆ రోజుతో పాతికేళ్లు నిండాయి. ఆ సంబరంలో భాగంగా విమానాలు జట్టుగా ఎగిరాయి. నాలుగేసి ఇంజిన్ల ఆ భారీ విమానాల్లో రెండు గాలిలోనే ఒకదానినొకటి తాకాయి. రెండింటిలో ఉన్న 12 మంది నౌకాదళ సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. శకలాలు జనం మసిలే చోట, రోడ్డు మీదా, కడుతున్న భవనం మీదా పడ్డాయి. ఆ ఉత్సవంతో ఏ సంబంధమూ లేకుండా, కింద తమ పని తాము చేసుకుంటున్నవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశం మొత్తం మీద ఆ రకం విమానాలు ఉన్నవే ఐదు. వాటిలో రెండు ఆ ఉదయం లేకుండా పోయాయి. శత్రువు ఎవరూ లేరు, యుద్ధం లేదు. వైమానిక విన్యాసాలంటే మనకెంత ఇష్టమో ఆర్‌కే బీచ్‌లో డిసెంబరు నెల జనసందోహాన్ని చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అంత ఇష్టపడే మనం, ఆ విన్యాసాల కింద ఎవరు నిలబడి ఉన్నారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. 2025 జనవరిలో అదే ఆర్‌కే బీచ్‌లో నౌకాదళ ప్రదర్శనకు రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరు సిబ్బంది పారాచూట్లు ఒకదానికొకటి చిక్కుకుని, ఇద్దరూ సముద్రంలో పడ్డారు. పడవ వెంటనే చేరడంతో బతికారు. వారు పడింది నీళ్లలో కాబట్టి సరిపోయింది.

డాబోలిమ్ నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఎగిరిన సీ హారియర్ యుద్ధ విమానాల కథ ఇంకా బాధాకరం. 1983లో మొదలై 2016 మే నెలలో సెలవు తీసుకునే నాటికి, కొన్నవాటిలో సగానికి పైగా ప్రమాదాల్లోనే పోయాయి. నిట్టనిలువుగా దిగగలిగే విమానం నడపడానికి ఎంతో నైపుణ్యం కావాలి. గాలిలో నిలిచి ఉన్న ఆ కొద్ది క్షణాల్లో ఇంజిన్ ఏ కొంచెం మొరాయించినా పైలట్‌కు తేరుకునే ఎత్తు ఉండదు. ఆ మేరకు కష్టం ఆ యంత్రం స్వభావంలోనే ఉందని ఒప్పుకోవచ్చు. అయితే వాటి స్థానంలో వచ్చిన మిగ్-29కె విమానాల విషయంలో ఆ మాట చెప్పి ఊరుకోలేం, ఎందుకంటే ఇక్కడ హెచ్చరిక ముందే రాతపూర్వకంగా వచ్చింది. 2016లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో, ఈ విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 నుంచి 37.63 శాతం మధ్యే ఉంటున్నాయని లెక్క తేల్చింది. 2010లో చేరినప్పటి నుంచి 40 ఇంజిన్లను, అంటే మొత్తంలో 62 శాతాన్ని, డిజైన్ లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చిందని కూడా అందులో ఉంది.

ఆ తర్వాతి సంఘటనలను వరసగా చూడండి. 2018 జనవరి 3న ఒక మిగ్-29కె గాలిలోకి లేవకముందే డాబోలిమ్ రన్‌వే మీంచి పక్కకు దూసుకుపోయి తగలబడింది. శిక్షణలో ఉన్న పైలట్ బయటపడ్డాడు. 2019 జూన్ 8న ఇంకొకటి ఎగురుతుండగా దాని అదనపు ఇంధన ట్యాంకు ఊడి రన్‌వే మీద పడి మండింది. ఈ రెండుసార్లూ పౌర విమానాలు ఆగిపోయాయి, వందల మంది ప్రయాణికులు టెర్మినల్‌లో ఎదురుచూశారు. అదే ఏడాది నవంబరు 16న శిక్షణ విమానం ఎగిరిన కాసేపటికే పక్షుల గుంపు తగిలి, ఎడమ ఇంజిన్ ఆగిపోయి కుడి ఇంజిన్‌కు మంటలంటుకున్నాయి. ఇద్దరు పైలట్లు ముందు దాన్ని జనావాసాలు లేని వైపు తిప్పి, ఆ తర్వాతే సీట్లతో సహా బయటికి దూకారు. విమానం వెర్నా మెట్ట మీద రాళ్లలో పడింది. పారిశ్రామికవాడ ఉన్న ఊరది. ఆ కొన్ని సెకన్లలో వారు తీసుకున్న నిర్ణయం ఎంతమందిని కాపాడిందో లెక్కగట్టడం ఎవరి వల్లా కాదు.

2020లో రెండు విమానాలు పోయాయి. ఫిబ్రవరి 23న ఒక పైలట్ క్షేమంగా సముద్రంలోంచి బయటపడ్డాడు. నవంబరు 26 సాయంత్రం కూలిన దాంట్లో ఇద్దరుండగా ఒకరు దొరికారు, కమాండర్ నిశాంత్ సింగ్ దొరకలేదు. ఓడలు, విమానాలు, గజ ఈతగాళ్లు 11 రోజులు గాలించాక, తీరానికి 30 మైళ్ల దూరంలో 70 మీటర్ల లోతున సముద్రపు అడుగున ఆయన దేహం దొరికింది. 2022 అక్టోబరు 12న మరో మిగ్-29కె అదే తీరానికి దగ్గర్లో మునిగింది, పైలట్ బతికాడు. కాగ్ ఎత్తిచూపిన ఇంజిన్ లోపాలకూ వీటిలో దేనికైనా సంబంధం ఉందా? ఉండవచ్చు, లేకపోవచ్చు. పక్షుల సంగతి తప్ప మిగతావాటి పూర్తి విచారణ నివేదికలు ప్రజల ముందుకు రాలేదు కాబట్టి, పౌరుడు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవాల్సి వస్తోంది.

2015 మార్చి 24 రాత్రి సంగతి విడిగా చెప్పాలి. రాత్రిపూట శిక్షణకు వెళ్లిన నౌకాదళ డోర్నియర్ విమానం పది గంటలు దాటాక గోవాకు నైరుతి దిశలో సముద్రంలో కూలింది. అందులో ముగ్గురున్నారు. నీళ్లలో తేలుతున్న పైలట్‌ను ముందుగా చూసి పైకి లాగింది వేట మీదున్న మత్స్యకారుల పడవ. లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్ దేహాన్ని రెండు రోజుల తర్వాత శకలాల్లోంచి వెలికితీశారు. విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన తొలి మహిళా నౌకాదళ అధికారి ఆమె. రేవు పట్టణాల చుట్టూ జరిగే ప్రమాదాల్లో మొదట చేరేది తరచుగా గంగపుత్రులే. రాత్రి చీకట్లో ఎక్కడ వెలుగు కనబడిందో, ఎక్కడ శబ్దం వినబడిందో, నీటి వాలు ఎటు ఉందో రాడార్ కంటే ముందు వారికి తెలుస్తుంది. అయినా ఆపదలో ఉన్న పైలట్‌ను నీళ్లలోంచి ఎలా తీయాలి, పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు దగ్గర ఏది ముట్టుకోకూడదు, ఏ నంబరుకు కబురు చెయ్యాలి అన్నవి విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే ప్రతి బోటువారికీ పద్ధతిగా నేర్పాలి. దానికయ్యే ఖర్చు ఒక్క గాలింపు రోజు ఖర్చులో ఆవగింజంత కూడా ఉండదు.

ఇక అదే డాబోలిమ్‌లో జరిగిన ఒక పౌర విమాన ప్రమాదాన్ని వీటి పక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. 2016 డిసెంబరు 27 తెల్లవారుజామున ముంబైకి బయలుదేరుతున్న జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 737, రన్‌వే మీద సరళ రేఖకు వస్తూ అదుపు తప్పి, గిర్రున తిరిగి పక్కన మట్టిలోకి జారింది. ముందు చక్రాల కాలు విరిగింది. లోపలున్న 154 మంది ప్రయాణికుల్లో, ఏడుగురు సిబ్బందిలో ఎవరి ప్రాణాలకూ ముప్పు రాలేదు గానీ, హడావుడిగా దిగేటప్పుడు కొందరికి గాయాలయ్యాయి. ఈ సంఘటన మీద విచారణ నివేదిక వెలువడింది. రెండు ఇంజిన్ల వేగం స్థిరపడి సమానం కాకముందే టేకాఫ్ శక్తిని ప్రయోగించడం, దాంతో ఒక వైపు తోపు ఎక్కువై విమానం పక్కకు లాగడం అందులో వివరంగా ఉన్నాయి. ఏ దేశంలో ఆ రకం విమానం నడిపే పైలట్ అయినా దాన్ని చదివి జాగ్రత్తపడగలడు. ఒకే రన్‌వే. దాని మీద పౌర విమానం జారితే కారణం అచ్చులో ఉంటుంది, సైనిక విమానం జారితే విచారణకు ఆదేశించామన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తుంది.

రక్షణ రహస్యాలన్న అభ్యంతరం సహజంగానే వస్తుంది, అది తీసిపారేయదగ్గదీ కాదు. రాడార్ సామర్థ్యం, ఆయుధాల అమరిక, విన్యాసాల వ్యూహం వంటివి బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. పక్షులు, రన్‌వే మీద పడిన వస్తువులు, నిర్వహణ లోపాలు, మానవ తప్పిదాలు మాత్రం ఆ జాబితాలోకి రావు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024 డిసెంబరులో సమర్పించిన నివేదికలో, 2017 నుంచి 2022 వరకు వైమానిక దళంలో జరిగిన 34 ప్రమాదాలను కారణాలతో సహా పట్టికగా ఇచ్చారు. దేశ తొలి త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ మరణించిన 2021 డిసెంబరు హెలికాప్టర్ ప్రమాదానికి ఎదురుగా సిబ్బంది తప్పిదమని రాసి ఉంది. అంత సున్నితమైన సంఘటనకే కారణం చెప్పగలిగినప్పుడు మిగతావాటికి అడ్డేమిటి? బ్రిటన్ 2021లో విమానవాహక నౌక నుంచి ఎగురుతూ ఎఫ్-35 ఒకటి మధ్యధరా సముద్రంలో పడిపోతే, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో మూత తీయకుండా మరిచిపోవడమే కారణమని తమ సేనకు తలవంపులైన సంగతిని కూడా దాచకుండా నివేదికలో ప్రకటించింది. వారి రక్షణకు దాని వల్ల నష్టమేమీ జరగలేదు.

కనీసం పౌర విమానాలు పంచుకునే నౌకాదళ రన్‌వేల విషయంలోనైనా, ప్రతి ప్రమాదం మీద భద్రతకు సంబంధించిన సారాంశాన్ని ఏడాదిలోగా ప్రచురించాలన్న నియమం ఉండాలని నా అభిప్రాయం. ఇది విశాఖకు ఇప్పుడే ఎందుకు ముఖ్యమంటే, భోగాపురం కొత్త విమానాశ్రయంతో పౌర విమానాల రాకపోకలు అటు మళ్లుతాయి. ప్రయాణికులు, విమాన సంస్థలు, రన్‌వే మూతపడితే వార్త రాసే విలేకరులు అందరూ అటు వెళ్లిపోయాక, డేగ చుట్టూ గోపాలపట్నం నుంచి మల్కాపురం దాకా ఉండే లక్షల మంది మాత్రం అక్కడే ఉంటారు. వారి తలల మీద నౌకాదళ విమానాలు ఎగురుతూనే ఉంటాయి. మేఘాద్రిగెడ్డ నీటి మీద వాలే కొంగలు, రన్‌వే దగ్గర్లో పడేసే మాంసం, చేపల వ్యర్థాల కోసం తిరిగే గద్దలు భోగాపురం వెళ్లవు. వెర్నాలో విమానాన్ని పడగొట్టింది అలాంటి పక్షులేనని తెలిస్తేనే, చెత్త ఎక్కడ వేయాలన్నది పారిశుధ్యానికి మించిన విషయమని ఇక్కడి కార్పొరేషన్‌కూ దుకాణదారుకూ చెప్పగలం.

విశాఖలో సిటీ బస్సు కండక్టరు రోజుకు వందసార్లు పిలిచే పేరు ఎన్ఏడీ కొత్తరోడ్డు. నౌకాదళ ఆయుధ డిపో ఇంగ్లిషు పేరులోని మొదటి మూడక్షరాలే ఆ ఎన్ఏడీ. ఆ డిపోలో పనిచేసే ఎనిమిది మంది పౌర ఉద్యోగులు 2016 జూలై 22న చెన్నై పక్కన తాంబరంలో వైమానిక దళ ఏఎన్-32 ఎక్కారు. పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాల్సిన ఆ విమానం 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. అంతకు ఏడాది ముందే, 2015 జూన్‌లో, అదే తమిళనాడు తీరంలో కోస్ట్‌గార్డ్ డోర్నియర్ ఒకటి ముగ్గురితో మునిగితే, దాని పరికరం నీటి అడుగు నుంచి పంపిన సంకేతాన్ని ఐఎన్‌ఎస్ సింధుధ్వజ్ జలాంతర్గామి పట్టుకుంది. 950 మీటర్ల లోతు నుంచి ప్రయాణ వివరాలు నమోదు చేసే రికార్డరును సుమారు నెల రోజుల్లోనే పైకి తీశారు. ఏఎన్-32లో అలా నీటి అడుగు నుంచి సంకేతాలిచ్చే పరికరం లేదని అప్పట్లో వార్తలొచ్చాయి. వారాల తరబడి గాలించాక, సెప్టెంబరులో లోపలున్నవారంతా మరణించినట్టే భావించాలని కుటుంబాలకు తెలిపారు. దేహాలు రాలేదు, అంత్యక్రియలు జరిపే వీలు కలగలేదు.

ఏడున్నరేళ్లు గడిచాక 2024 జనవరి 12న రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత జలాంతర వాహనం చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున తీసిన చిత్రాల్లో కనిపించినవి ఏఎన్-32 శకలాలతో సరిపోలుతున్నాయని, ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన చరిత్ర లేదని అందులో ఉంది. విమానం ఎక్కడుందో ఆ ఎనిమిది ఇళ్లకూ ఇప్పుడు తెలుసు. ఎందుకు పడిందో మాత్రం ఆ ప్రకటనలో లేదు.