చెత్తకు బదిలీ ఉత్తర్వులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో అయినా, బరంపురంలో అయినా, గిరిసోల చుట్టుపక్కల పల్లెల్లో అయినా పెరడున్న ప్రతి తెలుగింట్లోనూ ఒక శాశ్వతోద్యోగి ఉంటుంది. పేరు చెత్త. ఎండిన కొబ్బరి మట్టలు, నరికిన మునగ కొమ్మలు, పోయినేడు గాలికి పడ్డ పనస మాను, వాటి కింద ఎవరూ లెక్కపెట్టని కొబ్బరి డొక్కలు. దీనికి పదవీ విరమణ లేదు. మొన్నమొన్నటి దాకా బదిలీ కూడా లేదు. మోయాలంటే ఎవరిదో ఒకరి నడుం కావాలి గనక, ఏ మూల పడ్డ కుప్ప ఆ మూలే సర్వీసంతా వెళ్లదీసి మట్టిలో కలిసిపోయేది. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల సరుకు బండి వచ్చి ఈ అన్యాయాన్ని సరిదిద్దింది. ఈశాన్యంలో బరువుండకూడదని సిద్ధాంతిగారు అనగానే కుప్ప నైరుతికి వెళ్తుంది. "ఏటి బావా, మా వంటగది కిటికీకి ఆనించేసినావు?" అని గోడ అవతలి నుంచి వినబడగానే వాయవ్యానికి. అక్కణ్ణించి వీధి చివర ఎవరిదో తెలియని స్థలానికి. చెత్త తగ్గిందా అని అడక్కండి. బదిలీ అయిన ఉద్యోగి తగ్గుతాడా?

ఇంతటి పరిపాలనా సంస్కరణ తెచ్చిన వాహనం గురించి ప్రభుత్వం క్లుప్తంగానే మాట్లాడింది. 2014లో మోటారు వాహనాల నియమాలను సవరించినప్పుడు ఈ-కార్ట్ అన్నదానికి గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగం, డ్రైవరు కాక 310 కిలోల సరుకు అని రాశారు. 300 కాదు, 310. ఆ పది కిలోలు తాళ్లకూ టార్పాలినుకూ అయి ఉండాలి. కాకపోతే, "ఇంకొక్క దుంగే కదా, వేసెయ్" అనే బావమరిది మాట బరువైనా అయి ఉండాలి.

310 కిలోలు చాలా ఎక్కువే అనిపిస్తుంది, కొబ్బరి మానును తూచేదాకా. అడుగు లావు, మీటరు పొడవున్న పచ్చి మొద్దు ఇంచుమించు 70 కిలోలు తూగుతుంది. నాలుగు మొద్దులతో చట్టప్రకారం బండి నిండిపోయినట్టే, కంటికి మాత్రం తొట్టి సగం ఖాళీ. మనకు కన్ను మీదే నమ్మకం గనక ఏడు వేస్తాం. మట్టల దగ్గరికొస్తే వ్యవహారం తిరగబడుతుంది. ఎండు మట్ట బరువు రెండు మూడు కిలోలే, పొడవు పదిహేను అడుగుల దాకా ఉంటుంది. పది మట్టలు పడేసరికి ఆరడుగుల తొట్టి నాలుగు వైపులా తోకలు చాచి వీధంతా ఆక్రమిస్తుంది. మోసేది ముప్ఫై కిలోలు దాటదు. చట్టం కిలోల్లో మాట్లాడితే మట్ట మూరల్లో బదులిస్తుంది. కాపు చెట్టు ఏడాదికి 12 దాకా మట్టలు రాలుస్తుంది కాబట్టి, పది చెట్లున్న గృహస్థు ఏటా 120 సార్లు ఈ సంవాదం వినవలసి ఉంటుంది.

అందువల్ల తీయవలసింది ముందు బండి కాదు, కత్తి. మట్ట మొదట్లో వెడల్పుగా ఉండే భాగాన్ని కోసి పొయ్యి కట్టెల్లో వేసుకోవాలి. ఈనెలు దూసుకునేవారు అప్పుడే దూసుకోవాలి, తర్వాత దూస్తామన్నవారి చీపుర్లు ఇంతవరకు ఎవరూ చూడలేదు. మిగిలినదాన్ని తొట్టి పొడవు కంటే జానెడు తక్కువగా ముక్కలు చేసి, మొదళ్లన్నీ ముందు వైపుకు పెట్టి పేర్చి, కాలితో తొక్కాలి. ఇలా చేస్తే పది మట్టలు పట్టిన చోట నలభై పడతాయి.

ఎక్కించడం కంటే దించడంలోనే నడుం పోతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. సరుకు వేయకముందే ఖాళీ తొట్టిలో రెండు తాళ్లు పొడుగునా పరవాలి. ఒక కొస వెనక తలుపు మీంచి కిందికి వేలాడాలి, రెండో కొస డ్రైవరు వెనకున్న ఊచల దాకా వెళ్లి పైకి లేవాలి. తొట్టి నిండాక ఆ పైకొసను కుప్ప మీదుగా వెనక్కి తెచ్చుకోవాలి. దించే చోట కొసలన్నీ కలిపి ఏ తాటిచెట్టుకో గట్టిగా కట్టి బండిని మెల్లగా ముందుకు పోనిస్తే, కుప్ప మొత్తం వెనక నుంచి జారి ఒక్క ముద్దగా నేల మీద కూర్చుంటుంది. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. వెనక తలుపు దించడం మరిచి ఇదే పని చేసినా కొడతారు.

దుంగల్ని వెనక తలుపు దగ్గరే పేర్చడం మనకు అలవాటు, ఎత్తేవాడు అక్కడే నిలబడతాడు గనక. వెనక ఇరుసు దాటి పడిన ప్రతి కిలో ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. చదునులో ఇది తెలియదు. కాలవ గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. హ్యాండిల్ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, బండి మాత్రం తిన్నగా తాను అనుకున్న చోటికే వెళ్తుంది. కాబట్టి బరువైన దుంగలు అడుగున, ఊచల వైపుకు. మట్టలూ కొమ్మలూ పైన.

ఆ గట్టు సంగతి కాస్త లెక్క వేసుకోవాలి. బండీ సరుకూ కలిసి 500 కిలోలనుకుందాం. పదడుగులకు అడుగు చొప్పున లేచే మట్టి దారిలో దాన్ని కదల్చాలంటే 75 కిలోల బరువును ఎత్తేంత లాగుడు కావాలి. 1000 వాట్ల మోటారు, నష్టాలేమీ లేవనుకున్నా, అంత లాగుడుతో గంటకు ఐదు కిలోమీటర్లు దాటి పోలేదు. అంటే పక్కన నడిచే తాతగారు ముందే వెళ్లి గేటు తీసి, బండి వచ్చేలోగా మూసేయగలరు కూడా. ఇసక తగిలితే ఆ నడకా ఉండదు. అప్పుడు థ్రాటిల్ మొత్తం తిప్పి పట్టుకుని మీద కూర్చోవడం మన వీరుల పద్ధతి. చక్రం తిరగదు, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది, మోటారుకు కరెంటు కొలిచి పంపే కంట్రోలరు వేడెక్కి వాసన వస్తుంది. ఆ వాసనకు వేలల్లో బిల్లు. సగం సరుకు దించి రెండుసార్లు వెళ్లడం, చక్రాల కింద రెండు చెక్క పలకలు వేయడం అనే మార్గాలు ఉన్నాయి గానీ, వాటిలో పౌరుషం లేదు.

బండి గుండెకాయ సీటు కింద ఉంటుంది: వరసగా కలిపిన నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే లేబుల్ మీద 100 ఆంపియర్-అవర్ అని ఉంటే దాన్ని సగంగా చదువుకోవాలి. సగం దాటి పిండేసిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఖాళీ చేసి ఛార్జి పెట్టకుండా వారం వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా సాయంత్రానికి పెళ్లివారు వెళ్లిపోయిన పందిరే. పక్షానికి ఒకసారి మూతలు విప్పి చూడాలి, తగ్గిన చోట డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అదీ ఛార్జి నిండాకే. ముందే పోస్తే ఛార్జింగులో పొంగి యాసిడ్ కిందికి కారి ట్రేను తింటుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోసుకోవచ్చు. బోరు నీళ్లలో ఉన్న ఉప్పులన్నీ బ్యాటరీకి విషం. ఇన్ని నియమాలున్నా ఈ నీళ్లు పోసే బాధ్యత మన ఇళ్లలో ఉమ్మడి జాబితాలోని అంశం. నాన్న పోశాడని కొడుకు, కొడుకు పోశాడని నాన్న.

మిగతా రోగాలు చిన్నవి. కొబ్బరి పీచు వెనక ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తుంది. ప్రతి పని తర్వాత వంగి చూసి కత్తితో తీయాలి. సర్కారు తుమ్మ కొమ్మలు మోసిన నాడు పంక్చరు ఖాయం, అవి విడిగా మోయాలి. బండి పూర్తిగా ఆగకుండా రివర్సు స్విచ్చి నొక్కితే గేరుపెట్టెలోంచి వచ్చే చప్పుడు ఒక్కసారి విన్నవారు మళ్లీ నొక్కరు. పండగకు ముందు పైపుతో కడిగి బొట్లు పెట్టే భక్తులు కంట్రోలరు మీద ప్లాస్టిక్ కవరు కప్పి కడగాలి.

ఇక ఒడిశా, ఆంధ్ర సరిహద్దు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, గిరిసోల దాటితే ఇచ్ఛాపురం. మామగారి ఊరు అటు, పెరడు ఇటు. వంటచెరుకు అటు పంపాలని అల్లుడికి మనసవుతుంది. మనసుకు సరిహద్దు లేదు, కర్రకు ఉంది. కలప రవాణాకు ఒడిశా నియమాలు 1980 నాటివి, ఆంధ్ర నియమాలు 1970 నాటివి. ఏ చెట్టుకు పర్మిటు అక్కర్లేదో ఎవరి జాబితా వారిదే. 2023 డిసెంబరులో దేశమంతటికీ ఆన్‌లైన్ రవాణా పర్మిటు విధానం మొదలుపెట్టారు గనక, బండి ఎక్కించకముందే అటవీ రేంజి ఆఫీసులో అడగడమో, ఫోనులో చూసుకోవడమో ఉత్తమం. ఎక్కించాక అడిగితే ప్రశ్నలు అవతలివారే వేస్తారు. మట్టల కింద టేకు ముక్క ఒకటి "ఊరికే" పెట్టుకున్న అల్లుడికి మాత్రం అత్తవారింటి కంటే ముందే మర్యాదలు జరుగుతాయి.

నిజానికి మనం మోస్తున్నది కర్ర కాదు, నీళ్లు. అప్పుడే నరికిన కర్ర బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. మామిడి, పనస దుంగల్ని చీల్చి, నేలకు తగలకుండా రెండు అడ్డకర్రల మీద పేర్చి, పైన మాత్రం కప్పి రెండు మూడు నెలలు ఆరనిస్తే అదే కట్టె మూడు ట్రిప్పుల బదులు రెండింటిలో వస్తుంది, పొగ లేకుండా మండుతుంది కూడా. డొక్కల్ని మోయనే అక్కర్లేదు. చెట్టుకు ఐదారడుగుల దూరంలో కందకం తవ్వి, గుంటవైపు పైకి వచ్చేలా వరసలుగా పేర్చి మట్టి కప్పితే, వేసవంతా తడి నిలుపుతాయి. ఇవన్నీ తెలిసినవే. తెలిసినా, మూలనున్న బండి మనల్ని చూస్తూ ఉంటుంది, తీయకుండా ఎలా?

కొబ్బరి మొద్దు విషయంలో బదిలీ విధానం మరీ విజయవంతం. కుళ్లిన కొబ్బరి మాను, పాత ఎరువు కుప్ప కొమ్ము పురుగుకు పురిటిల్లు. లోపల తెల్లటి లావు పిల్లపురుగులు పెరుగుతాయి. పెద్దయ్యాక అవి చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోతాయి. తర్వాత విచ్చిన ఆకు కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణాలుగా కనిపిస్తుంది. అలాంటి కుప్పను ఎత్తి కొత్త కొబ్బరి మొక్కల పక్కన దించడమంటే పురుగుకు కుటుంబంతో సహా ప్రయాణ భత్యం ఇచ్చి పంపడమే. మొద్దును చీల్చి ఎండబెట్టాలి, కుప్పను తిరగేసి పిల్లపురుగుల్ని ఏరేయాలి, కోళ్లుంటే వాటికి వదలాలి. లేదా ఈ పురుగును చంపే మెటారైజియం శిలీంద్రపు పొడి కుప్పలో కలపాలి. ఆ తర్వాతే రవాణా.

ఈ ప్రాంతంలో చెత్తకు ఏడాదికి ఒకసారి మూకుమ్మడి నియామకాలు జరుగుతాయి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో అదే అక్టోబరు 12న విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. తుఫానులు ఇంత క్రమశిక్షణతో వస్తున్నప్పుడు మనమూ అక్టోబరు మొదటి వారానికే బ్యాటరీలు నిండుగా ఛార్జి చేసి, ఛార్జరు ప్లగ్గు పీకి, నీళ్లు నిలవని అరుగు మీదికి బండిని ఎక్కించి పెట్టుకోవాలి. తుఫాను వెళ్లిన తెల్లారి వీధి నిండా మాన్లు పడి ఉంటాయి, బండి అవసరం ఏడాదిలోకెల్లా ఆ రోజే ఎక్కువ, కరెంటు మాత్రం ఎప్పుడొస్తుందో లైన్‌మెన్‌కు కూడా తెలియదు.

అప్పుడు వీధిలో ఎవరికో గుర్తొస్తుంది, ఈ బండిలో కరెంటుందని. మధ్యాహ్నానికి అరుగు చుట్టూ సెల్‌ఫోన్ల తీర్థం. నాలుగు బ్యాటరీల్లో అందుబాటులో ఉన్న ఒక్కదానికే క్లిప్పులు తగిలించి, చిన్న ఇన్వర్టరు పెట్టి, ముప్ఫై ఫోన్లు, రెండు ఎమర్జెన్సీ లైట్లు, ఒక మిక్సీ. ఆ ఒక్క బ్యాటరీ ఖాళీ అవుతుంది, మూడు నిండుగా ఉంటాయి. తర్వాత నాలుగింటినీ కలిపి ఛార్జి చేస్తే నిండిన మూడూ ఉడికిపోతాయి, ఖాళీది ఖాళీగానే ఉంటుంది. తప్పనిసరై తీసుకోవలసి వస్తే 48 వోల్టుల నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టి నాలుగింటి మీదా భారం వేయాలి. అది కుదరకపోతే, కరెంటు వచ్చాక ఆ ఒక్క బ్యాటరీని విడదీసి 12 వోల్టుల ఛార్జరుతో విడిగా నింపి, ఆ తర్వాతే మళ్లీ వరసలో కలపాలి. ఫోన్లు పెట్టినవారి పేర్లు రాసుకుని, ఫోను తీసుకెళ్లేటప్పుడు మనిషికి నాలుగు మట్టలు చొప్పున నడిచి మోయించాలని కొందరు పెద్దల ప్రతిపాదన. మిక్సీ పెట్టినావిడకు ఒక మొద్దు.