‘ఏదో తక్కువైంది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఏదో తక్కువైంది’ గారికి, అనంతపురంలో బొమ్మలేసుకునే వాడొకడు నమస్కరించి రాయునది.

మూడు వారాలు కూర్చుని మన క్లాక్ టవర్‌ను నీటిరంగుల్లో వేసి హాల్లో తగిలించాను. చూడ్డానికి వచ్చినవాళ్ళందరి నోటి వెంటా తమరే. ముందు ‘బాగుందప్పా’ అని మీ తమ్ముడొస్తాడు, వెనకాలే ‘గానీ...’ అంటూ మీరు దిగుతారు. తల కొంచెం పక్కకు వాలుతుంది, కళ్ళు చికిలిస్తాయి. ఏం తక్కువైందన్నా అనడిగితే, చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పి ‘అదే... ఫీల్’ అని ఇంకో పిడికెడు బొరుగులు నోట్లో పోసుకుంటారు. ఆ ఫీల్ ఏ అంగట్లో దొరుకుతుందో చెబితే కాలు కిలో తెచ్చుకుంటాను కదా!

నిజానికి బొమ్మలో తప్పుంది. టవర్ నీడ ఎడమకు పడింది, పక్కనున్న ఆటో నీడ కుడికి. మీకది కనబడనే లేదు. నాలుగో తరగతి చదివే మా అక్క కొడుకు ఒక్క నిమిషం చూసి, ‘మామా, మనూర్లో ఇద్దరు సూర్యుళ్ళా?’ అన్నాడు. (మన ఎండలకు నమ్మదగ్గ సంగతే.)

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఎప్పుడైనా పోయారా? 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు ఊరు. మేకతోలును పల్చగా గీకి, రంగులేసి, ఉలితో చిల్లులు కొట్టి బొమ్మ చేస్తారక్కడ. ఒక పెద్దాయన బొమ్మను దీపానికి అడ్డంపెట్టి కుర్రాడికి చూపించాడు: ‘ఈ భుజకీర్తి కాడ చిల్లులు దూరమైనాయి, వెలుతురు రాలేదు సూడు.’ వేలు సరిగ్గా అక్కడే ఉంది. కుర్రాడు మారు మాట్లాడకుండా ఉలి అందుకున్నాడు.

తమాషా ఏమంటే, లేపాక్షి కల్యాణ మండపం నిజంగానే సగంలో ఆగిపోయింది. విజయనగర రాజుల కాలం నుంచీ పైకప్పు లేకుండా నిలబడుంది. అక్కడ మాత్రం మీరు నోరెత్తరు. స్తంభానికి ఆనుకుని సెల్ఫీ దిగి ‘సూపర్’ అనేస్తారు.

నేనూ పెద్ద పత్తిత్తునేం కాదు లెండి. పోయిన సంక్రాంతికి ఎదురింటి పాప వాకిట్లో ముగ్గేసి ‘ఎట్లుంది మామా?’ అంటే, పళ్ళు తోముకుంటూ తల పక్కకు వాల్చి మిమ్మల్నే పిలిచాను. పాపం, ఆ పిల్ల చుక్కలన్నీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. వరసకు 15. ఒక్కటీ తగ్గలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంటే నేను నోరు పుక్కిలించే వంకతో లోపలికి జారుకున్నాను.

ఇట్లు,
ఇద్దరు సూర్యుళ్ళ ఊరివాడు