‘బికాజ్’తో వాక్యం మొదలుపెట్టొచ్చు, భయపడకండి

ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇంగ్లీషు గురించి ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇదే: ‘బికాజ్’తో వాక్యం మొదలుపెడితే తప్పు. ‘సిన్స్’ కాలం చెప్పడానికే, కారణానికి వాడకూడదు. తెలుగులో ‘వల్ల’ ఎక్కడొస్తే అక్కడ ‘డ్యూ టు’ పెట్టేయండి. ‘అఫెక్ట్’ ఎప్పుడూ క్రియ, ‘ఎఫెక్ట్’ ఎప్పుడూ నామవాచకం. ‘ద రీజన్ ఈజ్ బికాజ్’ అన్నారంటే మీకు ఇంగ్లీషు రానట్టే. ఇది నమ్మి, చక్కగా రాసుకున్న వాక్యాలను కొట్టేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఒక్కొక్కటీ విప్పి చెబుతున్నాను.

ముందు ‘బికాజ్’ సంగతి. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, వియ్ స్టేడ్ ఎట్ హోమ్’ నిక్షేపమైన వాక్యం. మధ్యలో కామా పెడితే సరి. నమ్మకం కుదరకపోతే చిన్నప్పటి లీవ్ లెటర్ గుర్తుచేసుకోండి: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్.’ మన బళ్లలో దీన్ని బట్టీ పట్టనివాళ్లు అరుదు. అందులో ముందు వచ్చింది కారణమే కదా! ‘యాజ్’ ముందు రావచ్చు గానీ ‘బికాజ్’ రాకూడదనే నియమం ఇంగ్లీషు వ్యాకరణంలో లేదు.

మరి ఈ మాట ఎందుకు పుట్టింది? ‘రాజుకు కోపం ఎందుకొచ్చింది?’ అని ఇంగ్లీషులో అడిగితే, పిల్లలు ‘బికాజ్ హీ లాస్ట్ ద వార్’ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేస్తారు. కారణం ఉంది, ఫలితం చెప్పే సగం లేదు. రాతలో అది అసంపూర్ణ వాక్యం. ఆ అలవాటు మాన్పించడానికి టీచర్లు ‘అసలు బికాజ్‌తో మొదలుపెట్టకండి’ అనేస్తారు. మూడో తరగతి పిల్లలకు అది పనికొచ్చే కట్టడే, ఉద్యోగానికి అప్లికేషన్ రాసేవాళ్లకు మాత్రం అడ్డంకి. పైగా తెలుగులో మనం కారణమే ముందు చెబుతాం: ‘బస్సు రాకపోవడంతో ఆలస్యమైంది.’ అదే వరసలో ఇంగ్లీషు వాక్యం కూడా తడితే దాన్ని బలవంతంగా తిరగేయాల్సిన పని లేదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది: ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో వియ్ స్టేడ్ ఎట్ హోమ్.’ ఇంగ్లీషులో రెండు వాక్యాలను కలపడానికి ఒక్క ముడి చాలు. ‘బికాజ్’ ఉంటే ‘సో’ తీసేయాలి, ‘సో’ ఉంచాలనుకుంటే ‘బికాజ్’ తీసేయాలి. వాక్యంలో తప్పు పట్టమనే ‘ఎర్రర్ స్పాటింగ్’ ప్రశ్నల్లో తరచూ అడిగే ఈ తప్పు గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

‘సిన్స్’ గురించి చెప్పింది పూర్తిగా తప్పు. కారణం చెప్పడానికి ఆ మాట శతాబ్దాలుగా వాడుకలో ఉంది. అయితే ‘సిన్స్ షీ లెఫ్ట్’ అన్నప్పుడు ఆమె వెళ్లినప్పటినుంచా, వెళ్లింది కాబట్టా అన్న అనుమానం రావచ్చు. అలాంటి చోట ‘బికాజ్’ రాయండి.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది ‘వల్ల’ సూత్రం. తెలుగులో ‘జ్వరం వల్ల’ అంటాం, ‘జ్వరం రావడం వల్ల’ అనీ అంటాం. ఈ రెండోదాన్ని ఇంగ్లీషులో పెట్టబోయి ‘డ్యూ టు ఐ హ్యావ్ ఫీవర్’ అని ఆఫీసు మెయిల్ పంపేస్తాం. ‘డ్యూ టు’, ‘బికాజ్ ఆఫ్’ తర్వాత నామవాచకమో, క్రియకు ‘ఇంగ్’ చేర్చిన రూపమో రావాలి. కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రాకూడదు. ‘డ్యూ టు ఫీవర్’ సరైనది, ‘బికాజ్ ఐ హ్యావ్ ఫీవర్’ కూడా సరైనదే. ఇక ‘డ్యూ టు’ను ‘బికాజ్ ఆఫ్’ బదులు వాడొద్దని 1926లోనే బ్రిటిష్ నిఘంటుకారుడు ఫౌలర్ తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో అభ్యంతరం చెప్పాడు. ఆ తర్వాత వాడుకే గెలిచింది. 1957 అక్టోబరులో ఒట్టావాలో కెనడా పార్లమెంటును ప్రారంభిస్తూ రెండో ఎలిజబెత్ రాణి చదివిన ప్రసంగంలోనూ ఆ ప్రయోగం ఉంది.

అసలు ప్రతి ‘వల్ల’కూ ఒకే మాట సరిపోదు. ‘మీ వల్లే నాకు ఉద్యోగం వచ్చింది’ అని కృతజ్ఞత చెప్పేటప్పుడు ‘థ్యాంక్స్ టు యూ’ అనాలి. అక్కడ ‘డ్యూ టు యూ’ అంటే మొరటుగా ఉంటుంది. ఆకలి వల్ల చనిపోతే ‘డైడ్ ఆఫ్ హంగర్’, భయం వల్ల అబద్ధమాడితే ‘అవుట్ ఆఫ్ ఫియర్’. ‘నా వల్ల కాదు’ అన్నచోట కారణమే లేదు, ‘ఐ కాంట్’ అంటే సరిపోతుంది. ‘కాజ్’ అనే క్రియకూ ఒక స్వభావం ఉంది. అది ఎక్కువగా ప్రమాదం, నష్టం, నొప్పి లాంటి చెడ్డ ఫలితాలతోనే వస్తుందని భాషావేత్త మైకేల్ స్టబ్స్ 1995లో పెద్ద పాఠ్య సంచయాలను (నిజంగా వాడిన ఇంగ్లీషును పోగుచేసిన భాండారాలను) పరిశీలించి చూపించాడు. అందుకే ‘హిజ్ విజిట్ కాజ్డ్ హ్యాపీనెస్’ వ్యాకరణం ప్రకారం తప్పు కాకపోయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘బ్రాట్ హ్యాపీనెస్’ అనండి.

‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ సూత్రం చాలావరకు నిజమే. ‘తుపాను ఎఫెక్ట్’ అని టీవీ స్క్రోలింగుల్లో రోజూ చూసేది నామవాచకమే. కానీ ‘ఎప్పుడూ’ అన్న మాటతోనే చిక్కు. ‘ఎఫెక్ట్ ఎ చేంజ్’ అంటే మార్పు తీసుకురావడం. అక్కడ ‘ఎఫెక్ట్’ క్రియ, దాన్ని ‘అఫెక్ట్’ అని దిద్దితే అర్థమే మారిపోతుంది.

ఇక ‘ద రీజన్ ఈజ్ బికాజ్’. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న మంచి రచయితలే దీన్ని శతాబ్దాలుగా రాస్తున్నారు. ఇంటర్వ్యూలో నోరు జారి అలా అన్నంత మాత్రాన కంగారు పడకండి, చెప్పదలచుకున్నది కొనసాగించండి. పరీక్షలో మాత్రం ‘ద రీజన్ ఈజ్ దట్’ అనే రాయండి. మన పోటీ పరీక్షల కీలో మార్కు దానికే ఉంటుంది.