గురి తప్పదన్న మాట గురించి

మాది ఒంగోలు. విమానం నుంచి వదిలే క్రూయిజ్ క్షిపణులు గురి తప్పవని, వాటి వల్ల యుద్ధంలో పౌరుల మరణాలు తగ్గిపోతాయని మీ వ్యాసంలో రాశారు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

పైలట్‌కు రక్షణ పెరిగిన మాట నిజం. 2023 మే నుంచి ఉక్రెయిన్ వాడుతున్న స్టార్మ్ షాడో క్షిపణి 250 కిలోమీటర్లకు పైగా వెళ్తుంది. పాత సుఖోయ్-24 యుద్ధవిమానం దాన్ని దూరం నుంచే వదిలి వెనక్కి తిరిగిపోవచ్చు. క్షిపణి నేలకు దగ్గరగా ఎగురుతూ, కింది ఎత్తుపల్లాలను తన పటంతో పోల్చుకుంటూ పోతుంది. చివర్లో లక్ష్యం బొమ్మను సరిచూసుకుంటుంది. కానీ ఆ లక్ష్యాన్ని ఎంచి ఇచ్చింది మనిషే కదా! 2024 జూలై 8న కీవ్‌లో ఒఖ్మత్‌దిత్ పిల్లల ఆసుపత్రిలో డయాలసిస్ చేసే భవనం కూలింది. విమానం నుంచి ప్రయోగించే ఖ-101 క్షిపణే కారణమని ఉక్రెయిన్ చెప్పింది. క్షిపణి నేరుగా తగిలిన అవకాశమే ఎక్కువని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల పర్యవేక్షకులు కూడా అన్నారు. రష్యా ఒప్పుకోలేదు.

అదే ఏడాది మార్చిలో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన విన్యాసాలు చూపించడానికి మా అబ్బాయిని తీసుకెళ్లాను. సుఖోయ్-30 కిందికి వచ్చి మళ్లీ పైకి లేస్తుంటే వాడు ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. రెండున్నర టన్నుల బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణిని పొట్ట కింద మోసేది ఆ రకం విమానమే. మన దేశానికి ఆ ఆయుధం ఉండాలనే కోరుకుంటాను. అయితే లక్ష్యాల జాబితాను ఎవరు, ఏ సమాచారంతో తయారు చేస్తారో, చివరి నిమిషంలో దాడి ఆపే వీలు ఎంతవరకు ఉంటుందో దయచేసి మరో వ్యాసంలో వివరంగా రాయండి.