మరిల్లా వేసినావిడకు ఒక పేరుంది

నిన్న సాయంత్రం మా కాలనీ ఫిలిం క్లబ్బు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పొద్దున లేచాక కూడా ఒళ్లు మండుతూనే ఉంది. మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

జరిగింది చిన్న విషయమే. 1985లో కెనడా టీవీ కోసం తీసిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' మొదటి భాగం వేశారు. అనాథ పిల్ల ఆన్‌ను పెంచుకున్న అన్నాచెల్లెళ్లు మాథ్యూ, మరిల్లాల కథ అది. ముందుగా ఒక పెద్దమనిషి లేచి నటీనటులను పరిచయం చేశారు. ఆన్‌గా వేసిన మేగన్ ఫాలోస్ పేరు చెప్పారు. మాథ్యూగా వేసిన రిచర్డ్ ఫార్న్స్‌వర్త్ ఒకప్పుడు సినిమాల్లో గుర్రాల మీద సాహసాలు చేసినవాడని చెప్పారు. బాగుంది, చెప్పాల్సిందే. ఆ తర్వాత "మరిల్లాగా వేసినావిడ జార్జ్ సి. స్కాట్ మాజీ భార్య" అన్నారు. అంతే, అక్కడి నుంచి స్కాట్ మీదికి వెళ్లిపోయారు. 'పాటన్' ఎంత గొప్ప సినిమా, 1971లో ఆస్కార్ ఇస్తే ఆయన ఎలా కాదన్నాడు, ఆ గొంతు, ఆ ఠీవి. మేము చూడబోయే చిత్రంలో ఒక్క క్షణం కూడా కనిపించని మనిషి గురించి ఐదు నిమిషాలు! చిత్రం మొత్తాన్ని భుజాల మీద మోసిన మనిషికి మాత్రం పేరే లేదు.

చెయ్యెత్తి "ఆమె పేరు కొలీన్ డ్యూహర్స్ట్ అండీ" అన్నాను. "అలాగేనమ్మా, ఆలస్యమవుతోంది, మొదలుపెడదాం" అన్నారు. వెనక వరసలోంచి ఎవరో "ఒకే మనిషిని రెండుసార్లు పెళ్లి చేసుకుని రెండుసార్లు విడాకులు తీసుకున్నది ఈవిడేగా" అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

అవును, రెండుసార్లు చేసుకుంది. 1960లో ఒకసారి, 1967లో ఇంకోసారి. 1972లో విడిపోయారు. మరి ఆ రెండు పెళ్లిళ్లూ స్కాట్ కూడా చేసుకున్నవే కదా! ఆయన పేరు చెప్పేటప్పుడు "కొలీన్ డ్యూహర్స్ట్ మాజీ భర్త" అని ఈ భూమ్మీద ఒక్కరైనా అన్నారా? ఆయనకు ఆస్కార్, ఆమెకు ఆయన. పంపకం బాగానే చేశారు, అన్యాయంగా చేశారు.

లెక్కలు తేల్చుకుందాం. 1924లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టింది. చిన్నతనంలోనే కుటుంబం అమెరికాకు వెళ్లిపోయింది. కాలేజీ రెండేళ్లతో ఆపి, నటన నేర్చుకోవడానికి న్యూయార్క్ చేరింది. పొట్ట గడవడానికి దొరికిన పనల్లా చేసింది. పేరు రావడానికి పదేళ్లు పట్టింది. 1956లో జోసెఫ్ పాప్ అనే నిర్మాత ఈస్ట్ నది ఒడ్డున ఆరుబయట రంగస్థలం మీద జనానికి ఉచితంగా షేక్‌స్పియర్ నాటకాలు వేస్తుంటే, అందులో 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నాటకంలో గయ్యాళి కేట్‌గా నిలబడింది. టిక్కెట్టు లేదు, ఏసీ హాలు లేదు. నాటకం ముఖం ఎప్పుడూ చూడని పేటల జనం ముందు వేసింది. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు. మరుసటి ఏడాదే చిన్న రంగస్థలాల నాటకాలకిచ్చే ఓబీ పురస్కారం వచ్చింది. న్యూయార్క్ చిన్న రంగస్థలాల మహారాణి అని పేరు పడింది. స్కాట్‌తో పెళ్లికి ఇంకా మూడేళ్లుంది! ఆ పెద్దమనిషికి ఈ ఒక్క ముక్క వినిపించాలని ఉంది.

అమెరికా నాటకరంగంలో పెద్ద పురస్కారం టోనీ. మొదటి టోనీ ఆమెకు 1961లో వచ్చింది. అది 'ఆల్ ది వే హోమ్' నాటకానికి. భర్త హఠాత్తుగా పోయిన ఇల్లాలి పాత్ర. రెండోది 1974లో. అప్పటికి స్కాట్‌తో రెండో విడాకులై రెండేళ్లు. మాజీ భార్య అయ్యాకే తన జీవితంలో అతి పెద్ద పాత్ర వేసింది. ఆ పాత్ర గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను, మన్నించండి.

యూజీన్ ఓనీల్ రాసిన 'ఎ మూన్ ఫర్ ది మిస్‌బిగాటెన్' అది. 1947లో తొలిసారి వేసినప్పుడు న్యూయార్క్ పెద్ద థియేటర్లుండే బ్రాడ్వే దాకా రాకుండానే ఆగిపోయింది. 1957లో బ్రాడ్వేకు వచ్చి రెండు నెలలకే దిగిపోయింది. అందులో జోసీ హోగన్ అనే రైతు బిడ్డ ఉంటుంది. భారీ మనిషి, మగవాళ్లకు మించి చాకిరీ చేస్తుంది. ఊళ్లో మగాళ్లందరినీ ఎరుగుదునని గొప్పలు చెప్పుకుంటుంది, నిజానికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వెన్నెల రాత్రంతా ఒక తాగుబోతు తన ఒడిలో తల పెట్టుకుని, చనిపోయిన తల్లికి చేసిన ద్రోహం చెప్పుకుని ఏడిస్తే, కదలకుండా కూర్చుంటుంది. ఈ పాత్రను డ్యూహర్స్ట్ 1958లోనే ఇటలీలోని స్పొలేటో ఉత్సవంలో వేసింది. వదిలిపెట్టలేదు. పదిహేనేళ్లు మోసింది. 1973 డిసెంబరు 29న మొరోస్కో థియేటర్‌లో జేసన్ రోబార్డ్స్ పక్కన, హోసే కింటెరో దర్శకత్వంలో మళ్లీ వేసింది. రోబార్డ్స్ అంతకు ఏడాది ముందే కారు ప్రమాదంలో చావు అంచుదాకా వెళ్లివచ్చాడు. రెండుసార్లు నిలవలేకపోయిన నాటకం 300కు పైగా ప్రదర్శనలు ఆడింది. నాటకం బతికింది ఆమె వల్ల. ఇది నా మాట. కాదనేవాళ్లు 1975లో టీవీ కోసం తీసిన ఆ ప్రదర్శన చూసి రండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఆ ఒడి, ఆ గరుకు గొంతులోని ఓదార్పు చూశాక "ఫలానా ఆయన భార్య" అనడానికి ఎవరికైనా నోరు వస్తే నాకు చెప్పండి.

మొరోస్కో థియేటర్ ఇప్పుడు లేదు. 1982లో పడగొట్టి హోటల్ కట్టారు. నాటక నటి బతుకు అలాంటిదే. సినిమా నటుడి పాపపుణ్యాలన్నీ రీళ్లలో భద్రంగా ఉంటాయి. వెయ్యి రాత్రులు గొంతు చించుకున్న మనిషికి చివరికి నిలబడ్డ గోడ కూడా మిగలదు. అందుకే కదా ఇంత సులువుగా పేరు మింగేస్తున్నారు!

ఇంకో సంగతి. 1985 నుంచి చనిపోయేదాకా రంగస్థల నటుల సంఘం ఆక్టర్స్ ఈక్విటీకి ఆమె అధ్యక్షురాలు. ఎయిడ్స్ వచ్చినవాళ్లను సొంత కుటుంబాలే ఇంట్లోకి రానివ్వని రోజులవి. తన సంఘంలోని నటులు వరసగా రాలిపోతుంటే 1987లో ఈక్విటీ ఫైట్స్ ఎయిడ్స్ నిధి పుట్టింది ఆమె హయాంలోనే. మందులకు, ఇంటి అద్దెకు, తిండికి డబ్బు పోగుచేశారు. ఆ పనికి ఎవరి భార్య కావాల్సిన అవసరం వచ్చింది? ఒక సంఘాన్ని నడిపిన మనిషిని పట్టుకుని పెళ్లిళ్లు లెక్కపెడతారా?

సరే, మరిల్లా దగ్గరికి వస్తాను. ఆ చిత్రం వచ్చేనాటికి ఆమెకు 61 ఏళ్లు. అబ్బాయి కావాలని అడిగితే అనాథాశ్రమం నుంచి అమ్మాయి వచ్చింది. ఆ పిల్లను వెనక్కి పంపాలనుకునే ఒంటరి ఆడమనిషి మరిల్లా. ఏ నటికిచ్చినా కోపం నటిస్తుంది. డ్యూహర్స్ట్ మాత్రం కోపం వెనక భయం నటించింది. ఆ పిల్ల మాటలకు నవ్వొస్తే, ఆ నవ్వును పెదవి దాకా రానివ్వకుండా అటు తిరిగిపోతుంది చూడండి, అది నేర్పితే వచ్చేది కాదు. మాథ్యూ పోయాక, మనసులో మాట బయటికి చెప్పడం తనకెప్పుడూ చేతకాలేదని ఆన్‌తో అనే చోటు వచ్చే ఆదివారం వస్తుంది. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ మా అమ్మ గుర్తొస్తుంది. కెనడావాళ్లు ఆ పాత్రకు తమ టీవీ పురస్కారం జెమినీ ఇచ్చారు. ఆ కథ జరిగే ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోనే ఫార్చ్యూన్ అఖాతం ఒడ్డున ఆమెకు ఇల్లుండేది. పుట్టిన దేశాన్ని చిన్నప్పుడే వదిలిన మనిషి మరిల్లాగా మళ్లీ అక్కడి జనం ఇంటి మనిషైంది.

టీవీ అంటే చులకన కదా మనవాళ్లకు. అమెరికా టీవీ పురస్కారాలైన ఎమ్మీలు ఆమెకు నాలుగు. అందులో రెండు ఒక్క 1989లోనే. 'మర్ఫీ బ్రౌన్' అనే హాస్య ధారావాహికలో నాయిక క్యాండిస్ బెర్గెన్ తల్లిగా కనిపించింది కొన్ని భాగాల్లోనే, దానికే రెండు ఎమ్మీలు. 1991 ఆగస్టు 22న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. జబ్బుకు ప్రార్థనే మందని నమ్మే క్రిస్టియన్ సైన్స్ విశ్వాసం వల్ల శస్త్రచికిత్స వద్దంది. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధే, ఒప్పుకోలేను. అప్పటికి 'రోడ్ టు అవాన్‌లీ' ధారావాహికలో కూడా మరిల్లాగా వస్తోంది. తీసేవాళ్లు ఇంకో నటిని తెచ్చి ఆ చోట నిలబెట్టలేదు. కథలో మరిల్లా కూడా కన్నుమూసినట్టు రాశారు. నిన్న ఆ పెద్దమనిషి ఈ ఒక్క విషయం చెప్పినా నేను కళ్లు తుడుచుకుని ఊరుకునేదాన్ని.

నా కోపం నిన్నటిది మాత్రమే కాదు, మీకు తెలుసు. మా పిన్ని పరిషత్తు నాటకాలు ఆడింది. రాత్రి బస్సుల్లో ఊరూరా తిరిగి, తెల్లవారుజామున ఆరో నాటకంగా వేసి, పొద్దున్నే ఇంటికొచ్చి పిల్లలకు వంట చేసేది. ఒక పరిషత్తువాళ్లు అచ్చువేసిన కరపత్రం మా బీరువాలో ఇంకా ఉంది. అందులో రచయిత పేరుంది, దర్శకుడి పేరుంది, ఏడుగురు మగ నటుల పేర్లున్నాయి, హార్మోనియం వాయించినాయన పేరుంది. కింద ఒక్క ముక్క: "మరియు స్త్రీ పాత్రధారిణి." ఆ రాత్రి ఉత్తమ నటి బహుమతి ఆవిడకే వచ్చింది. మైకులో బాబాయి పేరు చెప్పి "వారి సతీమణి" అని పిలిచారు. స్టేజీ ఎక్కింది, కప్పు తీసుకుంది, దిగింది. ఆ మైకు దగ్గర ఆగి తన పేరు తను చెప్పలేకపోయానని పోయేదాకా బాధపడింది.

వచ్చే ఆదివారం రెండో భాగం. పరిచయం నేను చేస్తానని క్లబ్బు కార్యదర్శికి పొద్దునే ఫోను చేసి చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు. వాళ్లు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఒక అట్టముక్క మీద కొలీన్ డ్యూహర్స్ట్ అని పెద్ద అక్షరాలతో రాశాను. తెర పక్కనే గోడకు అంటించి కూర్చుంటాను.